అసంతృప్తి నుండి విప్లవమునకు: అమెరికా వలసల చరిత్ర

పన్ను కట్టుటకు సంతోషించు ప్రజలు ఏ దేశమునను లేరు. పాలకులను నిందించుటయు లోకసహజమే. అయినను ప్రతి నిందయు తిరుగుబాటు కాదు. ప్రతి తిరుగుబాటును విప్లవముగా పరిణమింపదు. రాజభక్తులమని గర్వించిన ప్రజలు పదమూడేండ్లలో ఆ రాజునే త్రోసిపుచ్చుట ఎట్లు సంభవించెను? 1763 నుండి 1776 వరకు ఉత్తర అమెరికాలోని పదమూడు బ్రిటిష్ వలసలలో జరిగిన చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానము చెప్పును. ఆ కథతో మన దేశమునకును కొంత సంబంధము కలదు.

ఏడేండ్ల యుద్ధము 1763లో ముగిసెను. ఫ్రెంచివారు కెనడాను కోల్పోయిరి. గెలిచిన బ్రిటనుకు 12 కోట్ల పౌనులను మించిన ఋణము మిగిలెను. అమెరికాలో నిలిపిన సైన్యపు ఖర్చులో కొంత భాగమైనను వలసలవారు భరింపవలెనని లండను మంత్రులు తలచిరి. ఇది పైకి న్యాయముగనే తోచును. కాని ఫ్రెంచివారి భయము తొలగిన పిదప ఆ సైన్యము తమకేల యని వలసలవారు ప్రశ్నించిరి. అపలేచియన్ పర్వతములకు పడమట నివాసములు ఏర్పరచుకొనరాదని అదే యేట వెలువడిన రాజాజ్ఞ, క్రొత్త భూములకై ఆశపడిన వారికి మింగుడు పడలేదు.

1765లో స్టాంపు చట్టము వచ్చెను. న్యాయస్థానపు పత్రములు, వార్తాపత్రికలు, పంచాంగములు, తుదకు పేకముక్కలును సుంకమునకు లోబడినవి. మన ఉత్తర సర్కారులకై ఈస్టిండియా కంపెనీ మొగలు చక్రవర్తి షా ఆలము నుండి ఫర్మానా పొందినదియు ఆ 1765లోనే. ఇచ్చట ఒక్క కాగితముతో ప్రజలు చేతులు మారిరి. అచ్చట ప్రజలు కాగితముపై పన్నునే ఎదిరించిరి. ఈ భేదమునకు కారణమున్నది. అమెరికా వలసలలో ఎన్నికైన శాసనసభలు తరతరములుగా పనిచేయుచుండెను. తమ ప్రతినిధి ఒక్కడైనను లేని పార్లమెంటుకు తమ జేబులో చేయిపెట్టు అధికారము లేదని వారు వాదించిరి. తొమ్మిది వలసల ప్రతినిధులు న్యూయార్కులో సమావేశమైరి. వర్తకులు బ్రిటిష్ సరకులను బహిష్కరించిరి. 1766లో పార్లమెంటు ఆ చట్టమును రద్దుచేసెను; కాని వలసలపై సర్వవిషయములందును శాసనము చేయు హక్కు తనకున్నదని ఆనాడే మరియొక చట్టమున ప్రకటించెను. పన్ను పోయినది, తగవు నిలిచినది.

1767లో గాజు, సీసము, రంగులు, కాగితము, తేయాకులపై సుంకములు విధింపబడినవి. వీనికంటె ముఖ్యమైనది వీని రాబడి వినియోగము. పలు వలసలలో గవర్నరులకును న్యాయాధిపతులకును జీతములు మంజూరు చేయునది స్థానిక శాసనసభయే. ఇకమీదట ఈ సుంకముల నుండి వారికి జీతము లిచ్చుటకు వీలు కల్పింపబడెను. ఉద్యోగి ఎవరి చేతినుండి జీతము పుచ్చుకొనునో వారికే జవాబుదారియగునన్న సంగతి కొలువు చేయువారికి వేరుగ చెప్పనక్కరలేదు. సభల చేతిలోని పగ్గము జారిపోవుచున్నదని వలసలవారు గ్రహించిరి. 1770 మార్చి 5న బోస్టనులో సైనికుల కాల్పులకు అయిదుగురు మరణించిరి. ఆ యేడే తేయాకుపై తప్ప తక్కిన సుంకములు తొలగింపబడెను.

తుదకు నిప్పు అంటుకొనినది ఆ తేయాకుతోనే. 1769-70లో వంగదేశమును కరవు కబళించెను. అప్పులపాలైన కంపెనీ గిడ్డంగులలో చీనా తేయాకు పేరుకొనిపోయెను. కంపెనీని గట్టెక్కించుటకు 1773లో చేసిన చట్టము వలన అమెరికాలో తేయాకు ధర తగ్గవలసియుండెను. కాని పౌను తూకమునకు మూడు పెన్సుల సుంకము మాత్రము నిలిచెను. చౌక సరకు పేర తమచేత పార్లమెంటు హక్కును ఒప్పింపజూచుచున్నారని జనులు శంకించిరి. తమ బేరము పోవునని వర్తకులు భయపడిరి. వంగదేశమున కంపెనీ చేసిన దోపిడి అమెరికా కరపత్రములలోనికిని ఎక్కెను. డిసెంబరు 16 రాత్రి బోస్టను రేవులో 342 పెట్టెల తేయాకు నీటిపాలయ్యెను.

ప్రభుత్వము 1774లో బోస్టను రేవును మూసివేసి, మసాచుసెట్సు పాలనా శాసనమును మార్చెను. ఒక ఊరిని శిక్షించి తక్కిన వారిని బెదరింపవచ్చునని తలచిరి. కాని అన్ని వలసలును ఆ ఊరి కష్టమును తమదిగా భావించినవి. బోస్టనుకు ధాన్యము పంపినవి. ఇది ఒక్క దినమున పుట్టిన ఐకమత్యము కాదు. 1772 నుండి ఉత్తర ప్రత్యుత్తర సంఘములు ఊరి వార్తను ఊరికి చేరవేయుచుండెను. సెప్టెంబరులో పన్నెండు వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూడి, బహిష్కారమును అమలుపరచుటకు ఊరూర సంఘములను ఎన్నుకొనుడని పిలుపునిచ్చిరి. తపాలా శాఖ కథయు గమనింపదగినది. వలసల తపాలా అధికారియగు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను ప్రభుత్వము 1774 జనవరిలో తొలగించెను. 1775 జూలైలో కాంగ్రెసు తన సొంత తపాలాను స్థాపించి ఆయననే అధిపతిగ నియమించెను. స్వాతంత్ర్యము ప్రకటింపబడుటకు ముందే ఈ విధముగ క్రొత్త ప్రభుత్వము పనిచేయ మొదలిడెను. అసంతృప్తి విప్లవమగు ఘడియ ఇదియే.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాంకర్డులలో రక్తము చిందిన పిమ్మట సైతము కాంగ్రెసు మూడవ జార్జి రాజునకు సంధిగోరి అర్జీ పంపెను. రాజు దానిని స్వీకరింపలేదు. వలసలు తిరుగుబాటు చేయుచున్నవని ఆగస్టులో ప్రకటించెను. చెడ్డ మంత్రులు, మంచి రాజు అన్న పాత నమ్మకము అంతతో చెదరిపోయెను. 1776 జనవరిలో థామస్ పెయిన్ కరపత్రము రాజరికమునే ప్రశ్నించెను. జూలై 4న స్వాతంత్ర్య ప్రకటన ఆమోదింపబడెను.

ఆ ప్రకటన మానవులందరు సమానులనెను. కాని ఆనాటి ఇరువదియైదు లక్షల జనాభాలో సుమారు అయిదవ వంతు నల్లజాతివారు. వారిలో అత్యధికులు బానిసలు. దేశమంతట బానిసత్వము చట్టరీత్యా రద్దగుటకు 1865 వరకు ఆగవలసివచ్చెను. ఆదివాసుల భూములకు క్రొత్త ప్రభుత్వము మరింత ముప్పు తెచ్చెను. విప్లవము గొప్పదే యైనను అది అందరికి ఒకే దినమున తెల్లవారలేదు.

1781లో యార్కుటౌనులో లొంగిపోయిన కారన్‌వాలిసు 1786లో గవర్నరు జనరలుగా మన దేశమునకు వచ్చెను. 1793లో వంగదేశమున ఆయన నెలకొల్పిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో ఉత్తర సర్కారులకును ప్రాకెను. ఆ జమీందారీల రద్దునకు చట్టము 1948లో గాని రాలేదు. అమెరికాలో ఓడిన సామ్రాజ్యము మన రైతుల నడుమ మరి నూరేండ్లకు పైగా నిలిచెను.

అర్జీని చదివి బదులు చెప్పుట పాలనలో చిన్న పనిగా కనబడును. ఆ పనిని లండను ఏండ్ల తరబడి ఉపేక్షించెను. ఆ ఉపేక్షకు మూల్యము పదమూడు వలసలు.