మాంజనార్ తోటలో మూడు శీతకాలాలు

ఈ ఉత్సవ సంచికకు మన వలసల చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంఘం కార్యదర్శి గారు కోరారు. సరేనన్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే మా పెరట్లోని ముసలి ఆపిల్ చెట్టే కళ్ళ ముందు నిలిచింది. కాబట్టి దానితోనే చెబుతాను; చరిత్ర దాని వెనకాలే వస్తుంది. నేను పుట్టి పెరిగింది ఫిజీలో. ఇంట్లో మాట్లాడుకున్నది హిందీ. తెలుగు మా తాతగారికి కోపం వచ్చినప్పుడు వినబడే భాష. యాభై దాటాక ఈ ఊళ్ళో సాయంత్రం తరగతులకు పోయి అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా తాతగారు విశాఖపట్నం జిల్లా నుంచి గిర్మిట్ మీద ఫిజీ వెళ్ళారు. గిర్మిట్ అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం. అగ్రిమెంట్ అనే మాట మనవాళ్ళ నోట అలా మారింది. 1879 నుంచి 1916 వరకు అరవై వేలకు పైగా మనుషులు అలా ఫిజీ చెరకు తోటలకు చేరారు. 1903 తర్వాత మద్రాసు రేవులో ఓడెక్కినవారు సుమారు 15,000 మంది. తెలుగువారు, తమిళులు, మలయాళీలు అందరూ అందులో ఉన్నారు. ఒప్పందం తీరిన తర్వాత తాతగారు కొద్దిపాటి భూమి కౌలుకు తీసుకుని చెరకు వేశారు. ఫిజీలో నేల అధికభాగం అక్కడి మూలవాసులది. అది న్యాయమే. మనవారికి దొరికింది కౌలు. కౌలు నేలలో చెరకు వెయ్యాలి గాని మామిడి వెయ్యకూడదని తాతగారు అనేవారు. చెరకు ఏడాది, ఏడాదిన్నరలో చేతికొస్తుంది. కొట్టేసిన మొదళ్ళ నుంచి మళ్ళీ పిలకలు లేచి కార్శి పంట ఇస్తుంది. మామిడి కాపుకు వచ్చేనాటికి ఆ నేల ఎవరిదో ఎవరు చెప్పగలరు? ఈ మాట పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

1987లో ఫిజీలో రెండుసార్లు సైనిక తిరుగుబాటు జరిగాక మేము కాలిఫోర్నియా వచ్చాము. శాక్రమెంటో నగరానికి దక్షిణాన కాపురం పెట్టాము. ఫిజీ నుంచి వచ్చిన మనవాళ్ళు ఆ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. నేను చాలా ఏళ్ళు నాలుగో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పాను. ఈ రాష్ట్రంలో కాలిఫోర్నియా చరిత్ర చెప్పేది ఆ తరగతిలోనే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సంతతివారిని నిర్బంధించిన శిబిరాల గురించి చెప్పేవాణ్ణి. వాటిలో ఒకటి మాంజనార్ అని, స్పానిష్ భాషలో ఆ పేరుకు ఆపిల్ తోట అని అర్థమని చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. ఆ తోట ఏమైందని ఏ పిల్లా అడగలేదు. పంతులుకీ తోచలేదు.

ఉద్యోగ విరమణ అయ్యాక మేము కొన్న ఇంటి పెరట్లో ఒక ఆపిల్ చెట్టు ఉంది. ఎన్నేళ్ళుగానో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఇరవై అయిదు అడుగుల ఎత్తు పోయింది. కొమ్మలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ, లోపలికి ఎండపొడ సోకకుండా అల్లుకున్నాయి. కాయలు నిమ్మకాయంత, అవీ పురుగుపట్టినవి. మొదటి జనవరిలో నేను నిచ్చెన వేసి, రంపం పట్టుకుని, ఒక్క వారంలో చెట్టును సగానికి సగం కొట్టేశాను. ఎంత శుభ్రంగా కనిపించిందో! మా ఇంటావిడను పిలిచి మరీ చూపించాను.

ఏప్రిల్‌లో తెలిసింది నా నిర్వాకం. కోసిన ప్రతిచోటా చీపురు పుల్లల్లాగా నిటారుగా కొమ్మలు లేచాయి. మన రైతులు నీటి కొమ్మలంటారే, అవి. నేల కింద వేళ్ళు ఎప్పటంత పెద్దవే, పైన తల మాత్రం చిన్నదయింది. వేళ్ళలో దాచుకున్న బలమంతా ఏదో ఒక దారిన బయటికి రావాలి కదా. ఆ కొమ్మలకు పూత ఉండదు, ఆకులు తప్ప. పైగా జూలై వచ్చేసరికి నీడ పోయిన పెద్ద కొమ్మల మీద మా శాక్రమెంటో ఎండ పడి బెరడు కాలి బీటలు వారింది.

మా పక్కింట్లో జపాన్ సంతతి పెద్దావిడ ఒకరు ఉన్నారు. తొంభైకి దగ్గర్లో ఉన్నారు. కంచె అవతల నిలబడి చెట్టును చాలాసేపు చూసి, "భయపెట్టేశారు దాన్ని" అన్నారు. తర్వాత మెల్లగా, "మా నాన్నగారైతే ఈ పనికి మూడు శీతకాలాలు తీసుకునేవారు" అన్నారు. మీ నాన్నగారికి తోట ఉండేదా అని అడిగాను. లేదన్నారు. వారిది స్ట్రాబెర్రీ సేద్యమట, మా ఇంటికి దగ్గరే ఉన్న ఫ్లోరిన్‌లో. మరి చెట్ల పని ఎక్కడ నేర్చుకున్నారంటే, "మాంజనార్‌లో" అన్నారు.

ఇక చరిత్రలోకి వస్తాను. ఫ్లోరిన్ ఒకప్పుడు స్ట్రాబెర్రీకి, ద్రాక్షకు పేరుపడ్డ ఊరు. ఆ స్ట్రాబెర్రీ పండించినవారిలో ఎక్కువమంది జపాన్ నుంచి వచ్చినవారే. స్ట్రాబెర్రీయే ఎందుకు? 1913లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఒక భూమి చట్టం చేసింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సేద్యపు భూమి కొనరాదు, మూడేళ్ళకు మించి కౌలుకు కూడా తీసుకోరాదు. 1920లో ఆ కౌలు కూడా లేకుండా చేశారు. పిల్లల పేర, స్నేహితుల పేర నడిపించుకోవలసి వచ్చింది. పూర్వకాలపు పెద్ద రకం ఆపిల్ చెట్టు, అంటు కట్టినదైనా సరే, సరిగా కాపుకు రావడానికి ఆరు నుంచి పదేళ్ళు పడుతుంది. మూడేళ్ళ కౌలు మీద ఆపిల్ ఎవరు నాటుతారు? స్ట్రాబెర్రీ అయితే మరుసటి ఏడే పండుతుంది. మా తాతగారి చెరకు లెక్కే ఇది. రెండు మహాసముద్రాల అవతలివాళ్ళు ఒకే లెక్క వేసుకున్నారు.

ఈ చట్టంలో జపాన్ అనే మాట ఎక్కడా లేదు. అందుకే అది మనవారికీ తగిలింది. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీం కోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. ఆ అక్టోబరులోనే మన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో అడుగుపెట్టారు. 1946లో చట్టం మారి భారతీయులకు తలుపు తెరిచారు గాని, సుబ్బారావు గారు 1948లో పౌరుడు కాకుండానే కన్నుమూశారు. కాలిఫోర్నియా భూమి చట్టాన్ని రాష్ట్ర సుప్రీం కోర్టు 1952లో కొట్టివేసింది.

థింద్ తీర్పు వచ్చిన సరిగ్గా పంతొమ్మిదేళ్ళకు, 1942లో అదే ఫిబ్రవరి 19న, అధ్యక్షుడు రూజ్వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేశారు. పడమటి తీరాన ఉన్న జపాన్ సంతతివారు సుమారు 1,20,000 మందిని ఇళ్ళు, పొలాలు వదిలించి శిబిరాలకు తరలించారు. వారిలో మూడింట రెండు వంతులు ఈ దేశంలోనే పుట్టిన పౌరులు. ఫ్లోరిన్‌వారిని ముక్కలుగా విడదీసి వేరువేరు చోట్లకు పంపారు. మా పక్కింటావిడ కుటుంబం మాంజనార్ చేరింది. అప్పటికి ఆవిడకు ఆరేళ్ళు.

మాంజనార్ ఉన్నది సియెర్రా నెవాడా కొండలకు తూర్పున, ఓవెన్స్ లోయలో. కొండల మీది మంచు కరిగి వాగులై వస్తుంది గాని వాన చాలా తక్కువ. ఆ లోయ మొదట పైయూట్ జాతివారిది. వారు కాలవలు తవ్వి నీళ్ళు పారించుకునేవారు. 1863లో సైన్యం వారిలో చాలామందిని అక్కడి నుంచి తరిమింది. 1910లో ఒక కంపెనీ భూమిని ముక్కలు చేసి అమ్మి, కాలవలు వేసి, మాంజనార్ అనే ఊరు కట్టింది. ఆపిల్, బేరి తోటలు లేచాయి. ఇక్కడ పియర్ అనే పండునే మనం బేరి అంటాం. ఇంతలో 1913లో లాస్ ఏంజెలెస్ నగరం ఆ లోయ నీళ్ళను రెండువందల మైళ్ళకు పైగా తీసుకుపోయే కాలవ పూర్తిచేసింది. 1920 దశకంలో నగరం పొలాలనూ నీటి హక్కులనూ కొనేసింది. రైతులు ఒకరొకరే వెళ్ళిపోయారు. చెట్లు మిగిలాయి, నీళ్ళు లేకుండా, మనిషి చెయ్యి తగలకుండా.

1942 వసంతంలో అక్కడికి దిగినవారు చూసింది ఆ తోటనే. సుమారు చదరపు మైలు స్థలంలో ముళ్ళకంచె, కాపలా బురుజులు, తారుకాగితం చుట్టిన చెక్క బారకాసులు, పదివేల మంది జనం, నోట్లోకి వచ్చే దుమ్ము. బారకాసుల నడుమ చచ్చీ చావని ఆపిల్ చెట్లు, బేరి చెట్లు. వచ్చినవారిలో రైతులున్నారు, తోటమాలులున్నారు. ఎండుకొమ్మలు తీసి, పాదులు చేసి, నీళ్ళు పెట్టారు. కాసిన పండ్లు శిబిరం వంటశాలలకు పోయాయి. జీన్ వాకాత్సుకి హ్యూస్టన్ భర్తతో కలిసి రాసి 1973లో వెలువరించిన మాంజనార్ పుస్తకంలో, తమ నాన్న బారకాసు పక్కనున్న బేరి చెట్లను కత్తిరించి సాకిన సంగతి ఉంది. పౌరసత్వం లేదని సొంత చెట్టు నాటుకోనివ్వని ఈ దేశంలో, ఆ తరం పెద్దలకు పండ్లచెట్లు చేతికిచ్చింది ముళ్ళకంచె లోపల. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పక్కింటావిడ తన నాన్నగారి పద్ధతి చెప్పారు. నేను తర్వాత తోటశాస్త్రం పుస్తకాల్లో చూస్తే అదే ఉంది. మొదటి శీతకాలం చచ్చినవి, తెగులు పట్టినవి, విరిగినవి మాత్రమే తియ్యాలి. ఏ ఏడూ పచ్చికొమ్మల్లో నాలుగో వంతుకు మించి కొయ్యకూడదు. రెండో శీతకాలం రాసుకునే కొమ్మల్లో ఒకటి ఉంచి ఒకటి తీసి, నడిమికి వెలుతురు వచ్చేట్టు చెయ్యాలి. మూడో ఏట ఎత్తు తగ్గించాలి. పక్కకు పోయే చిన్న కొమ్మ దాకా కోసుకురావాలి గాని ఎక్కడ పడితే అక్కడ మొండి చెయ్యరాదు. నీటి కొమ్మలను వేసవిలో చేత్తో పీకేస్తే తిరిగి అంతగా రావు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా కంకణంలా ఉంటుంది. కోత దాని అంచున పడాలి. కంకణం తెగితే గాయం మూసుకోదు, బయట మొద్దు మిగిలితే కుళ్ళు లోపలికి దిగుతుంది. వెనకటికి గాయాలకు తారు పూసేవారు. దానివల్ల మేలు లేదని ఇప్పుడు తేలింది. ఎండ కొట్టే కొమ్మలకు మాత్రం మనం గోడకు సున్నం వేసినట్టు నీళ్ళు కలిపిన తెల్లరంగు పూయాలి.

అన్నిటికంటే కష్టమైంది పొట్టి రెమ్మలను వదిలిపెట్టడం. ఆపిల్ కాపు చాలావరకు వేలెడు పొడవుండే ముడతల పుల్లల మీద వస్తుంది. చూడ్డానికి ఎండినట్టే ఉంటాయి. తెలియనివాడు ముందు వాటినే గీకేస్తాడు. నేనూ అదే చేశాను.

నరికితే చచ్చిపోయే జాతి మాత్రం కాదు ఆపిల్. అయోవాలో జెస్సీ హయట్ అనే రైతు తన వరుసల్లో అడ్డం మొలిచిందని ఒక మొక్కను రెండుసార్లు నరికేశాడట. రెండుసార్లూ లేచింది. పోనీలెమ్మని వదిలేశాడు. 1890 దశకంలో స్టార్క్ కంపెనీవారు ఆ పండుకు డెలిషియస్ అని పేరు పెట్టి అమ్మారు. ఆ అంట్లనే శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ 1916లో సిమ్లా కొండల్లోని కోట్‌గఢ్‌లో నాటాడు. మన బళ్ళ మీద అమ్మే ఎర్ర ఆపిల్ వంశం అదే.

మాంజనార్ శిబిరాన్ని 1945 నవంబరులో మూసేశారు. అంటే 1942 చివర నుంచి లెక్కపెడితే అక్కడివారికి దొరికినవి మూడు శీతకాలాలు. పాడుపడ్డ తోటను బాగుచెయ్యడానికి సరిగ్గా పట్టే కాలం అది. నాలుగో కాపు చూడకుండా వెళ్ళిపోయారు. బారకాసులను అమ్మేసి విప్పుకుపోయారు. చెట్లకు మళ్ళీ నీళ్ళు ఆగిపోయాయి. 1969 నుంచి ఆ కుటుంబాలవారు ఏటా అక్కడికి యాత్రగా వెళ్తున్నారు. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బ్రతికి ఉన్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇవ్వడానికి చట్టం చేసింది. 1992లో మాంజనార్ జాతీయ చారిత్రక స్థలం అయింది. పార్కు ఉద్యోగులు ఆ చెట్లను ఇప్పుడు కత్తిరించి కాపాడుతున్నారు.

పోయిన ఏప్రిల్‌లో మేమూ వెళ్ళాము. ఆపిల్ చెట్లు చూద్దామని పోయినవారికి ఎక్కువగా కనిపించేవి బేరి చెట్లు. బేరి మొండిది, ఆపిల్ కంటే ఎక్కువకాలం బ్రతుకుతుంది. ఒక చెట్టు మాను సగం డొల్ల. డొల్ల పక్కన బెరడు ఒక పట్టీలాగా మిగిలి, దాని చివర నాలుగు కొమ్మలకు తెల్లటి పూత ఉంది. కింద ఒకచోట పాత కోత ఒకటి చూశాను. చుట్టూ బెరడు గాజులాగా గుండ్రంగా మూసుకొచ్చింది. ఎవరు ఎప్పుడు కోశారో చెప్పలేను గాని, కంకణం తెగకుండా కోశారు. నాకు మా తాతగారి గిర్మిట్ కాగితం మీది వేలిముద్ర గుర్తుకొచ్చింది. ఆయన రాసినది మా దగ్గర ఇంకేదీ లేదు.

మా పెరటి చెట్టుకు ఈ జనవరితో మూడో శీతకాలం ముగిసింది, నా మొదటి ఘనకార్యాన్ని లెక్కలో వెయ్యకపోతే. పక్కింటావిడ కుర్చీ వేయించుకుని కూర్చుని కర్రతో ఏది కొయ్యాలో చూపించారు. రెండుసార్లు నేను పక్కదాని మీద రంపం పెడితే కర్రతో నేల మీద కొట్టారు. కోసిన పుల్లల్లో పెన్సిలు లావు ఉన్నవి ఆరు ఏరి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను. ఆవిడ మనవరాలు అంటు కడుతుందట.