క్రాంక్ షాఫ్ట్ టైమింగ్ స్ప్రాకెట్: పట్టేసినప్పుడు తొలగింపు

నాలుగు స్ట్రోకుల కారు ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ ముందుకొనకు కీ అనే చిన్న ఉక్కుబిళ్లతో కుదిరి, చైను లేదా బెల్టు ద్వారా కామ్ షాఫ్టును సగం వేగంతో తిప్పే పళ్లచక్రమే టైమింగ్ స్ప్రాకెట్. జువ్వలదిన్నె రేవున్న బోగోలు మండలం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి తుప్పును త్వరపరుస్తుంది కనుక, కవరు సందుల్లోంచి తేమ చేరే బెల్టు ఇంజన్లలో ఇది షాఫ్టుకు పట్టేస్తుంది. నూనెలో తిరిగే చైను ఇంజన్లకు ఆ బెడద తక్కువ. తుప్పు వదిలించే నూనె పోసి నాననిచ్చి, షాఫ్టు కొనలోని మరలు చెడకుండా అక్కడి బోల్టును కొంతమేర తిరిగి ఎక్కించి, దాని తలపై పుల్లర్ ఆనించి నిదానంగా లాగాలి. రెండువైపులా స్క్రూడ్రైవర్లు దూర్చి ఎత్తడం షెడ్లలో మామూలే గానీ, వెనకున్న అల్యూమినియం ఆయిల్ పంపు పగిలిందంటే స్ప్రాకెట్ ఖరీదు లెక్కలోకే రాదు. వేడిచేసి వదులుచేసినచోట ఆయిల్ సీలును, అంచు నలిగిన కీని మార్చక తప్పదు.