పత్తి నేలలో కుంగుబాటు: వైద్యం ఊరికి చేరిన క్రమం

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప సాగు విస్తరించిన తీరును మీరు ఇంతకుముందు చదివారు. ఆ సాగు మనుషుల మనసుపై మోపిన భారాన్ని, దానికి వైద్య వ్యవస్థ స్పందించిన క్రమాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

1987-88లో ఈ ప్రాంతపు పత్తిని తెల్లదోమ, శనగపచ్చ పురుగు దెబ్బతీశాయి. పైరిత్రాయిడ్ మందులకు పురుగు లొంగలేదు. పిచికారీలు పెరిగినకొద్దీ అప్పూ పెరిగింది. పలువురు రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. ఈ ఘటనలలో పంట నష్టం, అప్పు, మరణం మనకు వెంటనే కనిపిస్తాయి. అయితే వీటి మధ్య వారాలు, నెలలు గడుస్తాయి. ఆ కాలంలో మనిషి వైద్యుని దగ్గరకు వెళ్లే అవకాశం ఉంది. అక్కడ అతడు "దిగులుగా ఉంది" అనకపోవచ్చు. నిద్ర పట్టడం లేదని, ఒళ్లు నొప్పులని, ఆకలి లేదని చెబుతాడు. బలానికి సూది వేసి పంపిస్తే అసలు బాధ మరుగున పడిపోతుంది.

దీనిని గుర్తించే బాధ్యత సాధారణ వైద్యునికి ఎప్పుడు వచ్చింది? పూర్వం మానసిక వైద్యం ప్రధానంగా హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల ఆసుపత్రులకే పరిమితం. 1982లో ప్రారంభమైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఈ వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేర్చాలని సంకల్పించింది. కర్ణాటకలోని బళ్లారిలో ఆ ప్రయోగం జరిగింది. 1996లో జిల్లా కార్యక్రమం మొదలైనప్పుడు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఎంపికైనది మెదక్. అంటే 1987-88 నాటికి విధానం ఉంది. అది ఈ పత్తి నేలకు ఇంకా చేరలేదు.

స్వల్ప కుంగుబాటును గుర్తించడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉందా, ఇష్టమైన పనులపై ఆసక్తి పోయిందా అని అడగాలి. అవునంటే నిద్ర, ఆకలి, నీరసం, చావు ఆలోచనల గురించి కూడా విచారించాలి. స్వల్ప స్థాయిలో మొదటే మాత్రలు ఇవ్వడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదు. ఓపికగా వినడం, సమస్యలను విడదీసి చూపడం, రోజువారీ పనులను క్రమంగా మొదలుపెట్టించడం, మళ్లీ రమ్మని చెప్పడం ముఖ్యం. చావు ఆలోచన ఉంటే రోగిని ఒంటరిగా వదలకూడదు. పురుగుమందును అందకుండా దాచి, వెంటనే నిపుణుని వద్దకు పంపాలి. టెలిమానస్ 14416కు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఒక జాగ్రత్త గమనించండి. అప్పులో ఉన్న ప్రతివారూ రోగులు కారు. కుంగుబాటుకు వైద్యం చేసినంత మాత్రాన గిట్టుబాటు ధర రాదు, అప్పు తీరదు. అయినా బాకీ తీరేదాకా బాధను పట్టించుకోకుండా ఉండటం సరికాదు. చరిత్ర విద్యార్థిగా మీరు ఈ రెండు కారణాలనూ కలిపి చూడాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: 1982 విధానం 1987-88 నాటి రైతుకు ఎందుకు అందలేదో ఐదు వాక్యాలలో రాయండి.