కోరికకు ఇంగ్లీషు, పెళ్ళికి తెలుగు

మొన్న ‘హైదరాబాద్ బ్లూస్’ మళ్ళీ చూశాను. మొదటిసారి చూసినప్పుడు హాయిగా నవ్వుకున్నాను. ఈసారి మాత్రం ఎవరు ఏ మాట ఏ భాషలో అంటున్నారో గమనిస్తూ కూర్చున్నాను.

1998 నాటి సినిమా ఇది. నగేశ్ కుకునూర్ ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివాడు, ఆ తర్వాత అమెరికాలోని జార్జియా టెక్‌లో చదివాడు. అట్లాంటాలో ఉద్యోగం చేశాడు. ఆ సంపాదన పెట్టి, సుమారు 17 లక్షల రూపాయలతో, 17 రోజుల్లో తన మొదటి సినిమా తీశాడు. హీరో వరుణ్ వేషం కూడా తనే వేశాడు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ మొదలైంది కూడా ఆ ఏడాది నవంబర్‌లోనే. అంటే మనకి తెలిసిన ఈ అద్దాల మేడల హైదరాబాద్ అప్పటికింకా లేదు.

కథ చిన్నదే. పన్నెండేళ్ళ తర్వాత అమెరికా నుంచి సెలవుల మీద వచ్చిన వరుణ్‌కి ఇంట్లోవాళ్ళు సంబంధాలు చూస్తుంటారు. అతనికి అదంతా బేరంలా కనిపిస్తుంది. ఈలోగా డాక్టర్ అశ్విని మీద మనసు పడతాడు. తనకి అలవాటైన అమెరికా పద్ధతిలో ‘డేటింగ్’ మొదలుపెట్టబోతే ఆమెకి నచ్చదు. నీ పద్ధతి స్వేచ్ఛా, మా పద్ధతి వెనకబాటుతనమా అన్నదే వాళ్ళ గొడవంతా. నాకైతే సినిమాలో వరుణ్ కంటే ఈ నిలదీతే ఎక్కువ ఆధునికంగా అనిపించింది.

సినిమాలో ఇంగ్లీషు, హిందీ, తెలుగు కలిసిపోయి ఉంటాయి. కానీ ఆ కలయికలో ఒక పంపకం ఉంది. పెళ్ళి మాట ఇంట్లో తెలుగులో నడుస్తుంది. శరీరం, కోరిక, స్వేచ్ఛ గురించిన మాటలు ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాయి. ఇందులో కుకునూర్ తప్పేం లేదు. మన ఇళ్ళల్లో ఉన్నదే తెర మీద పెట్టాడు.

అలాగని తెలుగుకి ఆ మాటలు చేతకావా? పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు కొలువులో ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ రాసింది. ఆడదాని కోరికని ఆడదే చెప్పిన కావ్యం. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చు వేయిస్తే, అశ్లీలమని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. వీరేశలింగంగారికీ ఆ కావ్యం గిట్టలేదు. ఆ నిషేధం 1940ల దాకా పోలేదు. ఉన్న మాటల్ని ఇలా సిగ్గుచేటు చేసుకున్నాక, ఆ ఖాళీలోకి ఇంగ్లీషు వచ్చి కూర్చుంది.

2016లో వచ్చిన ‘పెళ్ళిచూపులు’లో, గది తలుపు ఇరుక్కుపోయి అబ్బాయి, అమ్మాయి తీరిగ్గా మాట్లాడుకుంటారు, అదీ తెలుగులో. పద్దెనిమిదేళ్ళలో మనం నడిచిన దూరం అది. అయినా ఆ గదిలో కెరీర్ గురించి, పాత ప్రేమల గురించి మాట్లాడుకున్నారు గానీ, ఒంటి గురించి కాదు.

వాళ్ళననడం దేనికి? ప్రేమించిన మనిషితో నాకేం ఇష్టమో, ఏది వద్దో చెప్పాల్సివస్తే నేనూ ఇంగ్లీషులోకే దూకుతాను. అది నాగరికత అనుకునేవాణ్ణి. సినిమా అయ్యాక ఒక్కణ్ణే కూర్చుని ఆ ముక్కే తెలుగులో అనడానికి ప్రయత్నించాను. గదిలో ఎవరూ లేకపోయినా గొంతు తగ్గింది.