‘బెటరు’ రాక పూర్వము మన పోలిక మాటలు

ఆంగ్లమున ‘గుడ్’ అను మాటకు తరువాతి మెట్టు ‘బెటర్’, ఆపై మెట్టు ‘బెస్ట్’ అని బడిలో వల్లించనివారు మనలో అరుదు. ఈ మూటిలో నడిమి మాట మాత్రము బడి గోడలు దాటి మన యిండ్లలో ప్రవేశించి, ‘బెటరు’ అని ఉకారాంతమై, తెలుగు మాటవలె కాపురము చేయుచున్నది. మదురలోనైనను, బెంగుళూరులోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను రోగిని పరామర్శించుటకు ఇదే మాట; బియ్యము రకమెంచుటకు ఇదే మాట; పెండ్లి సంబంధములు తూచుటకును ఇదే. అది వచ్చినందుకు మేము కోపగించుట లేదు. రైలు, టికెట్టు లేని తెలుగు నేడెక్కడ నున్నది? అది ఏయే మాటల పీటలపై కూర్చున్నదో చూడవలెనని మాత్రమే మా కుతూహలము.

ముందుగా ఆ మాట పుట్టుక. ‘గుడ్’ కును ‘బెటర్’ కును రూపములో చుట్టరికము లేదు. ప్రాచీనాంగ్లమున అది ‘బెటెర’ అని యుండెను. ఆ కుటుంబములోనిదే ‘బోట్’ అను మరియొక ప్రాచీన పదము. దానికి చికిత్స, పరిహారము అని అర్థము. ఉరుదూలోని ‘బెహతర్’ విని ఈ రెండును ఒక్కటే యనుకొనువారు కలరు. అది కేవలము కాకతాళీయము. పారసీకమున ‘బెహ్’ అనగా మంచి. దాని పూర్వరూపము ‘వెహ్’. తుదనున్న ‘తర్’ సంస్కృతములోని తర ప్రత్యయమునకు జ్ఞాతి. ఆంగ్లమున నున్న టకారమో, ప్రత్యయములోనిది కాదు, మాట మొదలులోనిదే.

తెలుగునకు ఇట్టి మూడు మెట్లు లేవు. విశేషణము మంచి అన్నచో ఎక్కడనైనను మంచియే. దానికి తోక మొలవదు. ద్రావిడ భాషలన్నిటికిని ఇది సమానధర్మమని 1856లో కాల్డ్వెల్ తన తులనాత్మక వ్యాకరణమున చెప్పెను. ఆంగ్లేయులకై తెలుగు వ్యాకరణములు రచించిన క్యాంబెల్ (1816), బ్రౌను (1840), ఆర్డెన్ (1873) మూడు మెట్లకు అలవాటుపడిన శిష్యులకు ఒక్క మెట్టు భాషను నేర్పవలసినవారు. సంస్కృతమునుండి గురుతరము, ప్రియతముడు వంటి వానిని మనము ఎరువు తెచ్చుకొంటిమి గాని, ఆ ప్రత్యయములు తెలుగు మాటలకు అంటలేదు. ‘తారతమ్యము’ అను పదమే తర, తమ అను ఆ రెండు ప్రత్యయముల కలయిక యని ఎందరు గమనింతురు? ఉత్తమము అనగానే అది తుదిమెట్టు; మనము దానిపై మరియొక మెట్టు కట్టి ‘అత్యుత్తమము’ అనుచున్నాము. ఆ తప్పు తీపిగానే యున్నది, ఉండనిండు.

మన పోలిక యంతయు ‘కంటె’, ‘కన్న’ అను చిన్న మాటలలో నున్నది. చెన్నపట్టణమున తెలుగు బోధించిన పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున కంటెను ‘వలన’, ‘పట్టి’ అనువానితో గూర్చి పంచమీ విభక్తిగా గణించెను. సంస్కృతమున పోలికకు పంచమియే వాడుక కనుక అట్లు చేసెనని మా యూహ. విభక్తియన్న పేరు వచ్చినంతనే ఆ మాట లోపలి క్రియ మరుగుపడినది. తినినచో అనుటకు ‘తింటె’, వినినచో అనుటకు ‘వింటె’ యనుచున్నాము గదా! అట్లే కనినచో అనుటకు ‘కంటె’. ‘కనినన్’ కుదిసి ‘కన్న’ యైనది. దానికంటె ఇది మంచిది అనగా, దానిని చూచినచో ఇది మంచిది. తెలుగువాడు పోల్చుట యనగా ముందుగా ఒకదానిని కన్నులార చూచుట.

ఇరుగుపొరుగు భాషల నడుమ బ్రదుకు మనకు ఇచ్చట ఒక లాభమున్నది. తమిళులు ‘కాట్టిలుం’ అందురు; కాట్టు అనగా చూపు. వారే ‘విడ’ అనియు అందురు. అనగా దానిని విడిచినచో. మహారాష్ట్రుల ‘పేక్షా’ సంస్కృతములోని అపేక్షయే. అందును ఈక్షణమే, చూపే యున్నది. ఒడియాలో ‘ఠారు’ అనగా నుండి. షోలాపురపు నేతగాండ్ర యిండ్లలో తెలుగును మరాఠీని కలిపి పలుకు పిల్లవాడు రెండు భాషలలోను చూచియే పోల్చుచున్నాడు. బరంపురపు పిల్లవాడు ఒక భాషలో చూచి, మరియొక భాషలో కొలతకఱ్ఱ పెట్టిన చోటినుండి దూరము కొలుచుచున్నాడు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నున్న యానాములో ఆ భాష చదివినవారికి వేరొక చిక్కు. వస్తువు మేలనుటకు ‘మెయ్యోర్’, పని మేలుగా జరిగెననుటకు ‘మ్యో’ అని ఆ భాషలో రెండు మాటలు.

ఇక గుణమును చెప్పు మాటలు. ‘మేలు’ పైన అను అర్థమునుండి వచ్చినది. మేలుకట్టు, మేలుముసుగు అనువానిలో ఆ పాత అర్థము నేటికిని చెడలేదు. తమిళుడు ‘ఎవ్వళవో మేల్’ అన్నను, కన్నడిగుడు ‘మేలు’ అన్నను మనకు దుబాసీ అక్కరలేదు. ‘మెరుగు’ మెరయు వస్తువునకు సంబంధించినది. కంసాలి నగకు పెట్టునది. కనుక దానిలో పని యున్నది, చేయి యున్నది. చదువు మెరుగైనదనవచ్చును, వాన మెరుగైనదనుట వినుటకు బాగుండదు. ‘మిన్న’ పద్యములలోను సామెతలలోను తలయెత్తుకొని తిరుగును, అంగడికి రాదు.

‘నయము’ సంగతి వేరు. సంస్కృతమున అది నీతి, నడవడి. తెలుగు దానిని ఇంటిలోనికి తెచ్చి పలు పనులు చేయించుకొన్నది. ధర నయముగా నున్నదందుము, అనగా అందుబాటులో నున్నది. తమిళదేశపు అంగడిలో ‘నయం’ పప్పు అనగా మేలి రకపు పప్పు. చవకయని సంచి చాపిన మనవాడు ధర విని సంచి మడుచుకొనవలసినదే. చెడ్డవి రెండు ఎదుటనున్నప్పుడు ‘దానికంటె ఇదే నయము’ అందుము. ఈ మాటలో మెప్పు లేదు, ఊరట యున్నది. అచ్చట ‘మేలు’ అన్నను చెల్లును గాని, ఊరట సగమైనను పోవును.

రోగి విషయమున తేడా ఇంకను పెద్దది. ‘కొంత నయము’ అన్నచో జ్వరము తగ్గుముఖము పట్టినది. ‘నయమైనది’ అన్నచో రోగము పోయినది. మధ్యనున్న స్థితికి ‘ఫరవాలేదు’ కలదు. ఇందలి ‘పర్వా’ పారసీకమునుండి వచ్చి, మన ‘లేదు’ను చేపట్టినది, తమిళుల ‘పరవాయిల్లై’ దాని అప్పచెల్లెలు. ఆంగ్లమున ‘బెటర్’ అన్నచో కొంత కుదురుకొనెననియు అర్థమే, పూర్తిగా స్వస్థుడయ్యెననియు అర్థమే. దూరదేశమునుండి కుమారుడు టెలిఫోనులో ‘నాన్నకు బెటరుగా ఉన్నది’ అని విన్నప్పుడు, వెంటనే బయలుదేరవలెనా, పండుగకు వచ్చిన చాలునా అని తేల్చుకొనలేడు. మరల అడుగవలెను. అటు చెప్పు తల్లికి నయము, నయమైనది అను రెండును నోటనున్నను, కుమారునికి సులువుగా నుండునని ఆమెయే ‘బెటరు’ అనుచున్నది.

‘వాసి’ యను మాట కూడ ఇట్లే మన నోట తగ్గిపోయినది. రాశికి ఎదురుగా నిలిపినప్పుడు తప్ప దానిని పలుకువారు అరుదు. కన్నడమున మాత్రము అది దినదినము వాడుకలో నున్నది. ‘ఎష్టో వాసి’ అనగా ఎంతో మేలు; ‘వాసి ఆయితు’ అనగా రోగము నయమైనది. బెంగుళూరు, కోలారులలోని మన కుటుంబములవారు పొరుగింట ఈ మాట వినుచునే యుందురు. అది తమ యింటి మాటయు నని తలచువారు కొందరే.