రాతి మీద బొమ్మ

అక్బర్ ఇలాహాబాదీ పేరు మా పిల్లలకు కంఠతా వచ్చు. ఆయన రాసిన ‘అవధ్ పంచ్’కు బొమ్మలు వేసిన గంగా సహాయ్ ‘షౌఖ్’ పేరు మేమెన్నడూ చెప్పలేదు. తప్పు మాదే.

లండన్ ‘పంచ్’ను చూసి మున్షీ సజ్జాద్ హుసేన్ సాహెబ్ 1877లో లక్నోలో ఈ వారపత్రిక పెట్టారు. నస్తాలీఖ్ లిపి సీసపు అచ్చుకు సులువుగా లొంగదు. కాతిబ్ జిడ్డు సిరాతో కాగితం మీద రాస్తే, దాన్ని రాతి మీదికి ఎక్కించి అచ్చు తీసేవారు. అది వెనుకబాటని కొందరికి అనిపించవచ్చు గాని, కార్టూనుకు అదే కలిసొచ్చింది. అక్షరమూ బొమ్మా ఒకే రాతిపై! లండన్‌లో ఆ రోజుల్లో గీసేదొకరు, చెక్కదిమ్మె చెక్కేదొకరు. లక్నోలో దిమ్మె ఖర్చు లేదు. చెయ్యి వణికితే ఆ వణుకూ అచ్చయ్యేదే.

పత్రిక 1912 దాకా నడిచింది. పని కాగానే రాతిని అరగదీసి, మళ్లీ వాడుకోవడం ఆ అచ్చుపనిలో మామూలు.