రక్తనాళం పైపు కాదు: మందు పూసిన స్టెంటు చరిత్ర

మా భిలాయిలో ఉక్కు గురించి, పైపుల గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. 1959లో ఇక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా కోస్తా జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఆ తరం వారూ, వారి పిల్లలూ రిటైరై గుండె ఆస్పత్రుల చుట్టూ తిరిగే వయసు వచ్చింది. స్టెంటు గురించి వీరందరి లెక్కా ఒకటే: "పైపు పూడింది, లోపల స్ప్రింగు పెట్టి వెడల్పు చేశారు, ఇక ఢోకా లేదు. ఈ మాత్రలు ఇంకా ఎందుకు?"

ఈ మాటలో సగం నిజం. మిగతా సగం ప్రాణం మీదికి తెస్తుంది. నేను డాక్టర్ని కాను. కామర్సు చదివి, రక్షణ శాఖ లెక్కల్లో పని చేసి రిటైరైనవాణ్ణి. కానీ జమ ఒక్కటే చూపించి ఖర్చు చూపించని ఖాతా కనబడితే వదలబుద్ధి కాదు. స్టెంటు చరిత్ర అలాంటి ఖాతాయే.

1977లో జూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రున్‌ట్‌సిగ్ మొదటిసారి మనిషి గుండె ధమనిలోకి బెలూను పంపి పూడికను వెడల్పు చేశాడు. ఛాతీ కోయకుండా పని జరిగింది. అయితే కొన్ని నెలల్లోనే దాదాపు మూడోవంతు మందిలో నాళం మళ్ళీ ఇరుకైపోయేది. అందుకని 1986లో ఫ్రాన్సులో జాక్ ప్యూయెల్, స్విట్జర్లాండులో ఉల్రిక్ సిగ్వార్ట్ లోహపు జాలీని లోపలే ఉంచేశారు. అదే స్టెంటు.

ఈ కథలో మనవాళ్ళ భాగం 1998లో వచ్చింది. అప్పట్లో విదేశీ స్టెంటు మధ్యతరగతి వాడికి అందేది కాదు. హైదరాబాదులో గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు, రక్షణ పరిశోధన సంస్థ అధిపతిగా ఉన్న అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంటు తయారు చేయించారు. కలాం-రాజు స్టెంటు అని దానికి పేరు. కలాంగారి పేరు వినగానే చేతులు జోడించేవాళ్ళు చాలామంది. అంతకంటే, ఆ స్టెంటు ఏం చేయగలిగింది, ఏం చేయలేకపోయింది అని అడగడమే ఆయనకు ఎక్కువ గౌరవం. అది ధర సమస్యను పట్టుకుంది. కానీ అదీ మందు లేని లోహపు స్టెంటే. అన్ని లోహపు స్టెంట్లకూ ఉన్న చిక్కు దానికీ తప్పదు. గాయపడిన నాళం తనను తాను మాన్చుకునే ప్రయత్నంలో గోడలోని కండర కణాలు విపరీతంగా పెరిగి, జాలీ సందుల్లోంచి లోపలికి వచ్చి, దారిని మళ్ళీ మూసేవి.

సరిగ్గా ఆ 1998లోనే వైద్యంలో నోబెల్ బహుమతి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు వచ్చింది. దీనికీ స్టెంటుకూ ఏమిటి సంబంధం? చాలా ఉంది. 1980లో ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళపు ముక్కల మీద ప్రయోగం చేసి ఒక విచిత్రం చూపించాడు. అసిటైల్‌కోలిన్ అనే పదార్థం వేస్తే నాళం వదులయ్యేది, కానీ లోపలి పొర చెక్కుచెదరకుండా ఉంటేనే. ఆ పొరను గీకేస్తే అదే పదార్థానికి నాళం బిగుసుకునేది. ఒక్క కణం మందం మాత్రమే ఉండే ఆ పొర పేరు ఎండోథీలియం. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేసి, కండరానికి "వదులు కా" అని చెబుతుంది. లోపల రక్తం గడ్డకట్టకుండా కూడా అదే కాపలా కాస్తుంది. మనం మెట్లెక్కితే గుండెకు రక్తం ఎక్కువ కావాలి. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న ధమని వెడల్పవుతుంది. ఏ ఉక్కు పైపు ఈ పని చేస్తుంది?

ఇక మందు సంగతి. 1964లో ఒక కెనడా బృందం ఈస్టర్ దీవి నుండి మట్టి తెచ్చింది. ఆ మట్టిలోని సూక్ష్మజీవి నుండి మాంట్రియల్‌లో సురేన్ సెహగల్ అనే మన దేశం వాడి బృందం ఒక పదార్థాన్ని వేరు చేసింది. ఆ దీవి స్థానిక నామం రాపా నుయి కనుక దానికి రాపామైసిన్ అని పేరు పెట్టారు. ఇంకో పేరు సిరోలిమస్. అది కణాల విభజనను ఆపుతుంది. 1999 డిసెంబరులో బ్రెజిల్‌లో ఎడ్వార్డో సౌసా ఈ మందు పూసిన స్టెంటును మొదటిసారి వేశాడు. 2002లో వెలువడిన రావెల్ పరిశోధనలో 238 మంది రోగులున్నారు. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు స్టెంటు వేసిన వారిలో 26 శాతానికి పైగా మళ్ళీ పూడింది, మందు స్టెంటు వేసిన వారిలో సున్నా! ప్రపంచమంతా పండగ చేసుకుంది.

ఇది జమ వైపు. ఖర్చు వైపు ఏముంది? కండర కణం ఏది, లోపలి పొర కణం ఏది అని ఆ మందుకు తెలియదు. రెండింటినీ ఆపుతుంది. మచ్చ పెరగదు, నిజమే. కానీ జాలీ తీగలను కప్పవలసిన పొర కూడా త్వరగా పెరగదు. మందును పట్టి ఉంచే ప్లాస్టిక్ పూత అక్కడే ఉండిపోయి, కొందరిలో వాపు కూడా తెచ్చిపెట్టేది.

2005లో స్విట్జర్లాండులోని బెర్న్ వైద్యులు దీన్ని చక్కగా పరీక్షించారు. స్టెంటు వేసిన ఆరు నెలలకు రోగులను పడుకోబెట్టి, కాళ్ళతో సైకిలు తొక్కిస్తూ ధమనుల ఫోటోలు తీశారు. మామూలు స్టెంటు ఉన్నవారిలో స్టెంటుకు అటూ ఇటూ ఉన్న నాళం వెడల్పయింది. సిరోలిమస్ స్టెంటు ఉన్నవారిలో అదే భాగం ముడుచుకుంది! తర్వాత నాలుక కింద నైట్రోగ్లిసరిన్ పెడితే తెరుచుకుంది. అంటే కండరం బాగానే ఉంది, దానికి సందేశం పంపే పొరే దెబ్బతింది. కదలకుండా పడుకున్నప్పుడు తీసిన యాంజియోగ్రాం ఇది చూపించదు. అది ఆ రోజు నాటి బ్యాలెన్స్ షీటు మాత్రమే, ఏడాది పొడుగునా వ్యాపారం ఎలా నడిచిందో చెప్పదు.

2006లో బార్సిలోనా సమావేశంలో అసలు బాంబు పేలింది. మందు స్టెంటు వేసిన కొందరిలో ఏడాది దాటాక కూడా హఠాత్తుగా రక్తం గడ్డకడుతోందని లెక్కలు బయటికొచ్చాయి. పొర కప్పని లోహం మీద గడ్డ కట్టడానికి అవకాశం ఎక్కువ. గడ్డ కడితే వచ్చేది చిన్న నొప్పి కాదు, గుండెపోటు.

తర్వాత తీగలు సన్నబడ్డాయి. మొదటి సైఫర్ స్టెంటు తీగ మందం 140 మైక్రాన్లు, తర్వాత వచ్చిన జైయెన్స్‌ది 81. పూతలు మారాయి, ఎవరోలిమస్ వంటి మందులు వచ్చాయి. సైఫర్ తయారీ 2011తో ఆగిపోయింది. నేటి మందు స్టెంట్లలో గడ్డల బెడద బాగా తగ్గింది, మందు లేనివాటి కంటే ఇవే మేలని తేలింది. స్టెంటే కరిగిపోతే నాళం మళ్ళీ స్వేచ్ఛగా కదులుతుందన్న ఆశతో అబ్సార్బ్ వచ్చింది. ఆలోచన ముచ్చటైనదే, కానీ దానిలోనే గడ్డలు ఎక్కువ కట్టడంతో 2017లో అమ్మకం ఆపేశారు. అదే ఏడాది మన ప్రభుత్వం మందు స్టెంటు ధరకు 29,600 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. కలాం, సోమరాజు ఎత్తిన ధర ప్రశ్నకు దాదాపు ఇరవై ఏళ్ళకు జవాబు దొరికింది.

ఇది చదివి "చూశారా, అల్లోపతి అంతా మోసం" అని చంకలు గుద్దుకునేవారికి ఒక మాట. ఈ లోపాన్ని కనిపెట్టింది ఏ కషాయం వ్యాపారీ కాదు, ఏ బాబా కాదు. స్టెంటు వేసిన వృత్తి వారే కొలిచి, తమ తప్పు తామే అచ్చు వేసి, సరిదిద్దారు. తన మందు వాడినవారి ధమనులను ఆరు నెలల తర్వాత ఇలా పరీక్షించి ఫలితాలు ప్రచురించిన కషాయం వ్యాపారి ఎవరైనా ఉంటే చూపించండి. గుండెపోటు వస్తున్న మనిషికి వెంటనే వేసే స్టెంటు ప్రాణం నిలుపుతుంది. అందులో సందేహం లేదు.

ఇక మొదటి ప్రశ్న. మాత్రలెందుకు? జాలీని లోపలి పొర కప్పేదాకా గడ్డ కట్టకుండా ఆ పొర పని చేసేది ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలే. ఎన్ని నెలలు అన్నది రోగిని బట్టి ఉంటుంది, గుండెపోటు వచ్చినవారికి సాధారణంగా ఏడాది. పన్ను పీకించుకోవాలనో, ఒంట్లో బాగుందనో, పక్కింటాయన మానేశాడనో మనంతట మనం ఆపకూడదు. ఆపవలసి వస్తే గుండె డాక్టర్నే అడగాలి.